ఆడాసిటీ తెరవగానే పుట్టే టెంపరరీ ఫైళ్లను ఆపవచ్చా?

అడిగిన ప్రశ్న ఇది: "అన్నా, నేను ఆదోనిలో ప్రచార ఆటోలకు, బట్టల షాపులకు వాయిస్ రికార్డింగులు చేస్తాను. విండోస్ 10 డెస్క్‌టాప్, సీ డ్రైవ్ 128 జీబీ ఎస్‌ఎస్‌డీ, డీ డ్రైవ్ పాత హార్డ్ డిస్క్. గొంతు రికార్డు చేసి ఎడిట్ చేయడానికి ఆడాసిటీ అనే సాఫ్ట్‌వేర్ 3వ వెర్షన్ వాడుతున్నాను. అది తెరిచి ఏమీ చేయకముందే సెషన్‌డేటా అనే ఫోల్డర్‌లో 'న్యూ ప్రాజెక్ట్' అని తేదీ, టైముతో ఒక ఫైలు, అదే పేరుకు తోకలు తగిలించిన ఇంకో రెండు ఫైళ్లు వచ్చేస్తున్నాయి. సీ డ్రైవ్ ఎర్రగీత చూపిస్తోంది. ఆ ఫోల్డర్‌కు పర్మిషన్ తీసేస్తే ఆడాసిటీ అసలు తెరుచుకోవడం లేదు. కంప్యూటర్ ఆన్ చేసినప్పుడల్లా ఆ ఫోల్డర్ ఖాళీ అయ్యేలా ఒక ఫ్రెండ్ బ్యాచ్ ఫైల్ (కమాండ్లను తనంతట తానే వరుసగా నడిపే చిన్న ఫైలు) రాసిచ్చాడు, పెట్టుకోవచ్చా? ఆ ఫైళ్లు పుట్టకుండా ఆపే సెట్టింగ్ ఎక్కడుంది?"

ముందు బ్యాచ్ ఫైల్ సంగతి చెప్తాను, ఎందుకంటే అది ఈరోజే నష్టం చేయగలదు. పెట్టుకోవద్దు. పెట్టి ఉంటే తీసేయండి. కారణం కింద వివరంగా వస్తుంది. అలాగే సెషన్‌డేటా ఫోల్డర్ ప్రాపర్టీస్‌లో సెక్యూరిటీ ట్యాబ్‌కు వెళ్లి మీరు తీసేసిన పర్మిషన్లు తిరిగి ఇచ్చేయండి. ఆ ఫోల్డర్‌లో రాసే హక్కు లేకపోతే ఆడాసిటీకి పాత ఫైలును చెరిపే హక్కు కూడా ఉండదు. మీరు ఆపాలనుకున్న చెత్త అక్కడే నిలిచిపోతుంది.

ఇక అసలు ప్రశ్న. ఆ ఫైళ్లు పుట్టకుండా ఆపే సెట్టింగ్ ఆడాసిటీలో లేదు. ఎక్కడో మెనూల లోపల దాగి ఉండి మీకు కనిపించకపోవడం కాదు, ఆ ప్రోగ్రాం పనిచేసే పద్ధతే అది. దానికి చోటు మార్చవచ్చు, అది లావెక్కకుండా చూసుకోవచ్చు, పని అయ్యాక మిగిలిపోకుండా చూసుకోవచ్చు. మీ సీ డ్రైవ్ ఎర్రబడటానికి కారణం కూడా మీరు అనుమానిస్తున్న ఆ మూడు కొత్త ఫైళ్లు కావు. నమ్మకం కుదరకపోతే ఆడాసిటీ ఇప్పుడే తెరిచి, ఏమీ రికార్డు చేయకుండా, ఆ ఫోల్డర్‌లో సైజు కాలమ్ చూడండి. మూడూ కలిపినా మీ ఫోన్‌లో ఒక ఫోటో అంత ఉండవు. ఇంత చిన్నవి రోజూ రాస్తే ఎస్‌ఎస్‌డీ అరిగిపోతుందేమో అన్న టెన్షన్ కూడా అక్కర్లేదు. విండోస్ తన పనుల కోసం రోజంతా రాసుకునేదాని ముందు అది లెక్కలోకే రాదు.

ఎందుకు పుడతాయో తెలిస్తే మిగతాదంతా సులువు. 2021 మార్చిలో వచ్చిన 3.0 వెర్షన్‌కు ముందు ఆడాసిటీ ప్రాజెక్ట్ అంటే ఒక చిన్న ఫైలు, దాని పక్కన ఒక డేటా ఫోల్డర్, ఆ ఫోల్డర్‌లో ముక్కలు ముక్కలుగా వందలూ వేలూ చిన్న ఆడియో ఫైళ్లు. పెన్‌డ్రైవ్‌లో చిన్న ఫైలు ఒక్కటే వేసుకుని వచ్చి, తెరిస్తే అంతా ఖాళీ అని తల పట్టుకున్నవాళ్లు ఎంతమందో. 3.0తో ఆ ముక్కలన్నిటినీ ఒకే ఫైలులో పెట్టారు. పైకి అది మామూలు ఫైలులా కనిపించినా లోపల ఒక డేటాబేస్. ఎస్‌క్యూలైట్ అనే ఈ డేటాబేస్‌నే మన ఫోన్‌లో వాట్సాప్ కూడా మెసేజ్‌లు దాచుకోవడానికి వాడుతుంది.

ఖాళీ కిటికీ తెరుచుకోగానే ఆడాసిటీ దృష్టిలో ఒక కొత్త ప్రాజెక్ట్ మొదలైనట్టే. మీరు రికార్డ్ బటన్ ఎప్పుడు నొక్కుతారో దానికి తెలియదు కాబట్టి డేటాబేస్ ముందే సిద్ధంగా ఉండాలి. మీరింకా పేరు పెట్టలేదు గనుక తేదీ, టైముతో తానే ఒక పేరు పెట్టుకుని, చివర ఏయూపీ3అన్‌సేవ్డ్ అని తగిలిస్తుంది. 'సేవ్ చేయనిది' అని పేరులోనే చెప్తోంది. తోకలున్న మిగతా రెండూ డేటాబేస్ సహాయకులు. డబ్ల్యూఏఎల్ తోక ఉన్నది చిట్టా, అసలు ఫైలు ఆవర్జా అనుకోండి. కిరాణా కొట్టులో బేరం జరిగిన క్షణంలో చిట్టాలో రాసి, తీరిక దొరికాక ఆవర్జాలోకి ఎక్కిస్తారే, అదే పద్ధతి. మీరు చేసిన తాజా మార్పు ముందు డబ్ల్యూఏఎల్‌లో పడుతుంది, ఆ తర్వాత అసలు ఫైలులోకి చేరుతుంది. మధ్యలో కరెంటు పోయినా చిట్టా చూసి లెక్క సరిచేసుకోవచ్చు. ఎస్‌హెచ్‌ఎం తోక ఉన్నది ఆ చిట్టాలో ఏది ఎక్కడుందో చూపించే చిన్న సూచిక, అంతే.

దీన్నిబట్టి గట్టిగా పట్టుకోవలసిన జాగ్రత్త ఒకటుంది. ప్రాజెక్ట్ తెరిచి ఉండగా ఆ ఫైలును పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేయొద్దు. సేవ్ చేసిన ప్రాజెక్ట్ పక్కన కూడా పని జరుగుతున్నంతసేపు డబ్ల్యూఏఎల్ ఉంటుంది. చిట్టాను వదిలేసి ఆవర్జా ఒక్కటే పట్టుకుపోతే చివరి పది నిమిషాల పని దాంట్లో లేకపోవచ్చు. ఆడాసిటీని సవ్యంగా మూస్తే చిట్టా మొత్తం అసలు ఫైలులో కలిసిపోయి తోకలు మాయమవుతాయి. అప్పుడు కాపీ చేసుకోండి.

ఇప్పుడు మీ సీ డ్రైవ్‌ను నిజంగా తింటున్నది ఏమిటో చూద్దాం. ఒక చిన్న పరీక్ష చేయండి. ఆడాసిటీని పూర్తిగా మూసేయండి. సేవ్ చేయాలా అని అడిగితే, అవసరం లేనిదైతే వద్దనండి. ఇప్పుడు సెషన్‌డేటా ఫోల్డర్ తెరవండి. అది సీ డ్రైవ్‌లో యూజర్స్, మీ పేరు, యాప్‌డేటా, లోకల్, ఆడాసిటీ, సెషన్‌డేటా అనే వరుసలో ఉంటుంది. యాప్‌డేటా మామూలుగా కనిపించదు, ఫైల్ ఎక్స్‌ప్లోరర్‌లో వ్యూ మెనూకు వెళ్లి హిడెన్ ఐటమ్స్‌కు టిక్ పెట్టాలి. ఆడాసిటీ మూసి ఉన్నప్పుడు ఈ ఫోల్డర్ ఖాళీగా ఉండాలి. ఖాళీగా ఉంటే మీకు సమస్యే లేదు, పుట్టినవి పుట్టినట్టే పోతున్నాయి. ఖాళీగా లేకపోతే, అక్కడున్న ప్రతి ఏయూపీ3అన్‌సేవ్డ్ ఫైలూ సవ్యంగా మూతపడని ఒక రోజుకు గుర్తు. తేదీలు చూడండి, సైజులు చూడండి. ఒక్కోటి జీబీల్లో ఉన్నా నేను ఆశ్చర్యపోను.

ఇవి ఎలా మిగిలిపోతాయంటే, మీ ఊళ్లోనూ కర్నూలులోనూ ఎండాకాలం గుర్తు చేసుకుంటే చాలు. మధ్యాహ్నం రికార్డింగ్ నడుస్తుండగా కరెంటు పోతుంది, డెస్క్‌టాప్ ఠక్కున ఆగిపోతుంది. లేదా ఏదో ఎఫెక్ట్ వేస్తే ప్రోగ్రాం బిగుసుకుపోయి, మీరు టాస్క్ మేనేజర్‌లోకి వెళ్లి ఎండ్ టాస్క్ కొడతారు. రెండు సందర్భాల్లోనూ ఆడాసిటీకి తన గది ఊడ్చుకునే అవకాశం రాలేదు. మళ్లీ తెరిచినప్పుడు, పోయినసారి సరిగా సేవ్ కాని ప్రాజెక్టులు ఇవీ అని ఒక జాబితా చూపిస్తుంది. రికవర్ చేస్తావా, డిస్కార్డ్ చేస్తావా, స్కిప్ చేస్తావా అని అడుగుతుంది. బయట ఆటో డ్రైవర్ హారన్ కొడుతూ ఉంటాడు, మనం చదవకుండా స్కిప్ నొక్కుతాం. స్కిప్ అంటే ఇప్పుడు కాదు, తర్వాత చూస్తాను అని. ఫైలు అక్కడే ఉంటుంది. జాతరల సీజన్‌లోనో, ఎన్నికల ప్రచారం రోజుల్లోనో నెల రోజులు ఇలా స్కిప్ కొడుతూ పోతే సీ డ్రైవ్ ఎర్రబడక ఏమవుతుంది?

కాబట్టి ఈసారి ఆ జాబితా వచ్చినప్పుడు కాసేపు కూర్చుని చూడండి. ఏది కావాలో తెలియకపోతే అనుమానం ఉన్నవాటికి మాత్రమే టిక్ ఉంచి రికవర్ చేయండి, విని చూడండి, పనికొస్తే డీ డ్రైవ్‌లో పేరు పెట్టి సేవ్ చేసుకోండి. మిగతావి డిస్కార్డ్. ఫోల్డర్‌లోకి వెళ్లి చేత్తో డిలీట్ చేసేకన్నా ఇదే మంచిది, ఎందుకంటే మూడు ఫైళ్ల జట్టును ఆడాసిటీ తానే కలిపి తీసేస్తుంది. మనం చేత్తో చేస్తే తోకను తీసి తలను వదిలేయడమో, తలను తీసి తోకను వదిలేయడమో జరుగుతుంది.

మీ ఫ్రెండ్ బ్యాచ్ ఫైల్ ఎందుకు వద్దన్నానో ఇప్పుడు తెలిసిపోయి ఉంటుంది. కరెంటు పోయి వచ్చిన వెంటనే మీరు చేసే మొదటి పని కంప్యూటర్ ఆన్ చేయడం. సరిగ్గా ఆ క్షణంలో ఆ బ్యాచ్ ఫైల్ నడిచి, మీ అరగంట రికార్డింగ్‌ను తిరిగి తెచ్చే ఒకే ఒక్క ఆధారాన్ని ఊడ్చేస్తుంది. ఆడాసిటీ తయారుచేసినవాళ్లు ఈ ప్రమాదం గురించి ముందే ఆలోచించారు. విండోస్‌కు ఉన్న మామూలు టెంప్ ఫోల్డర్‌ను వాడకుండా తనకంటూ వేరే చోటు పెట్టుకోవడం అందుకే. దానికి రాసుకునే చోటు దొరక్కపోతే వచ్చే హెచ్చరికలో, ఆటోమేటిక్ క్లీనప్ ప్రోగ్రాములు తుడిచేయని చోటు కావాలి అని స్పష్టంగా ఉంటుంది. పర్మిషన్ తీసేసినప్పుడు ఆడాసిటీ తెరుచుకోకపోవడం కూడా ఈ కారణంతోనే. కంప్యూటర్ స్పీడ్ పెంచుతామని చెప్పే క్లీనర్ సాఫ్ట్‌వేర్ ఏదైనా వాడుతుంటే దాంట్లోనూ ఈ ఫోల్డర్‌ను మినహాయింపుల్లో పెట్టండి. నన్నడిగితే ఆ క్లీనర్‌నే తీసేయమంటాను.

మిగిలిపోయినవి ఊడ్చాక, చోటు మార్చే పని. ఇది రెండు నిమిషాల పని. డీ డ్రైవ్‌లో ఒక కొత్త ఫోల్డర్ చేయండి, పేరు ఇంగ్లీషు అక్షరాల్లో, స్పేస్ లేకుండా చిన్నగా పెట్టండి. ఆడాసిటీలో ఎడిట్ మెనూ, దాంట్లో ప్రిఫరెన్సెస్, ఎడమవైపు జాబితాలో డైరెక్టరీస్. అక్కడ టెంపరరీ ఫైల్స్ డైరెక్టరీ అని కనిపిస్తుంది. లొకేషన్ పక్కన బ్రౌజ్ నొక్కి మీ కొత్త ఫోల్డర్ చూపించండి. ఆ డ్రైవ్‌లో ఎంత ఖాళీ ఉందో అక్కడే చూపిస్తుంది. ఓకే కొట్టి, ఆడాసిటీని మూసి మళ్లీ తెరవండి. మూసి తెరిచేదాకా పాత చోటే వాడుతుంది. చాలామంది ఈ ఒక్క విషయం దగ్గర 'మార్చినా మారలేదు' అంటారు.

డీ డ్రైవ్ పాత హార్డ్ డిస్క్ అన్నారు, స్పీడ్ సరిపోతుందా అని అనుమానం రావచ్చు. గొంతు రికార్డింగ్‌కు సెకనుకు అర మెగాబైట్ కూడా పట్టదు, ఎంత ముసలి హార్డ్ డిస్క్ అయినా దాన్ని మోస్తుంది. పెద్ద ఫైలు మీద ఎఫెక్ట్ వేసినప్పుడు ఎస్‌ఎస్‌డీ కన్నా కాస్త నెమ్మదిగా ఉంటుంది, అంతే తేడా. కానీ ఆ డిస్క్ తిరిగేటప్పుడు టక టక శబ్దం వస్తుంటే మాత్రం దాని మీద ఏదీ పెట్టకండి, అది వేరే జబ్బు.

పెన్‌డ్రైవ్‌నో మెమరీ కార్డునో టెంపరరీ చోటుగా చూపించొద్దు. ఆటోల్లో యూఎస్‌బీ ప్లేయర్ల కోసం మనం పెన్‌డ్రైవ్‌లను ఫ్యాట్32 ఫార్మాట్‌లోనే ఉంచుతాం. ఆ ఫార్మాట్‌లో ఒక ఫైలు 4 జీబీ దాటలేదు, కాబట్టి ఆడాసిటీ దాన్ని ఒప్పుకోదు. యూఎస్‌బీతో తగిలించే హార్డ్ డిస్క్ వేరే ఫార్మాట్‌లో ఉంటే ఒప్పుకుంటుంది గానీ, కేబుల్ కదిలిందంటే నడుస్తున్న ప్రాజెక్ట్ కాళ్ల కింద నేల పోయినట్టే. వన్‌డ్రైవ్ కాపలా కాసే ఫోల్డర్ కూడా వద్దు. విండోస్ పెట్టేటప్పుడు మనం చదవకుండా సరే అన్నందువల్ల డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్ ఫోల్డర్లు చాలా కంప్యూటర్లలో వన్‌డ్రైవ్‌లోకి వెళ్లిపోయి ఉంటాయి. అక్కడ పెడితే ఫైలు మారిన ప్రతిసారీ అది నెట్‌లోకి ఎక్కించబోతుంది. మీ డేటా ప్యాక్ పోతుంది, ఒకే ఫైలు కోసం రెండు ప్రోగ్రాములు పెనుగులాడతాయి. ర్యామ్‌లోనే నకిలీ డ్రైవ్ చేసి టెంపరరీ ఫైళ్లు అందులో పెట్టుకోమని కొందరు సలహా ఇస్తారు. కరెంటు గంటల తరబడి నిలకడగా ఉండే ఊళ్లకు ఆ సలహా. మన దగ్గర కరెంటు రెప్ప వేసిందంటే ఆ డ్రైవ్ మొత్తం ఆవిరి.

చోటు మార్చడం కన్నా మంచి అలవాటు ఇంకొకటుంది. ఆడాసిటీ తెరవగానే, రికార్డ్ నొక్కకముందే, ఫైల్ మెనూలో సేవ్ ప్రాజెక్ట్‌కు వెళ్లి డీ డ్రైవ్‌లో కస్టమర్ పేరుతో ఖాళీ ప్రాజెక్ట్ సేవ్ చేసేయండి. ఆ క్షణం నుంచి రికార్డయ్యేదంతా నేరుగా ఆ ఫైలులోకే వెళ్తుంది. సెషన్‌డేటాలో పుట్టిన పేరులేని ఫైలుకు ఇక పని ఉండదు. కరెంటు పోయినా, తిరిగి వెతుక్కోవడానికి తేదీలతో తికమక పడకుండా ఏ ప్రాజెక్ట్ ఏదో పేరుతోనే తెలుస్తుంది.

ఇక లావెక్కడం. ఆడాసిటీ మామూలు సెట్టింగుల్లో ప్రతి శాంపిల్‌ను, అంటే శబ్దం తాలూకు ఒక్కో కొలతను, 32 బిట్ ఫ్లోట్ అనే పద్ధతిలో రాసుకుంటుంది. సెకనుకు 44,100 శాంపిళ్లు, ఒక్కోదానికి 4 బైట్లు. స్టీరియో అయితే నిమిషానికి దాదాపు 21 ఎంబీ. అరగంట రికార్డు చేస్తే 635 ఎంబీ. ఇంతవరకు బాగానే ఉంది. ఇప్పుడు మొత్తం సెలెక్ట్ చేసి నాయిస్ రిడక్షన్ వేశారు. కంట్రోల్ జెడ్ కొడితే వెనక్కి రావాలి కదా, అందుకని పాతది అలాగే ఉంచి కొత్తది ఇంకో 635 ఎంబీ రాస్తుంది. తర్వాత కంప్రెసర్, మరో 635. నార్మలైజ్, మరో 635. గొంతు బరువుగా రావాలని బేస్ పెంచారు, మరో 635. తెర మీద కనిపించేది అరగంట గొంతు, డిస్క్ మీద 3 జీబీ పైన. అప్పుడు కరెంటు పోయిందనుకోండి, ఆ 3 జీబీ మొత్తం సెషన్‌డేటాలో మిగిలిపోతుంది. మీ 128 జీబీ ఎక్కడికి పోయిందో లెక్క తేలిందా?

పాట తెచ్చుకున్నా ఇంతే. ఐదు నిమిషాల ఎంపీ3, 5 ఎంబీ ఉందిలే అనుకుంటాం. ఆడాసిటీలోకి తెచ్చాక అది విప్పుకుని వంద ఎంబీ దాటుతుంది. ప్రకటన వెనక వేయడానికి పది సెకన్ల మ్యూజిక్ కావాలని ఐదు పాటలు తెచ్చి పడేసుకుంటే అర జీబీ అక్కడే పోయింది. ముందు కావలసిన ముక్క కత్తిరించి ఎక్స్‌పోర్ట్ చేసుకుని, ఆ ముక్కనే ప్రాజెక్ట్‌లోకి తెచ్చుకోండి.

మీ పనికి అన్నిటికన్నా ఎక్కువ ఆదా ఇచ్చేది మోనో. ఒక మైకు, ఒక గొంతు. దాన్ని స్టీరియోలో రికార్డు చేస్తే ఒకే శబ్దాన్ని రెండుసార్లు రాసుకోవడం తప్ప ఏమీ రాదు. ఆడియో సెటప్‌లో రికార్డింగ్ చానెల్స్ దగ్గర మోనో ఎంచుకోండి. పైన చెప్పిన లెక్కలన్నీ సగానికి పడిపోతాయి. ఆటో మీద ఉండే హారన్ స్పీకర్‌కు స్టీరియోతో పనేముంది? 32 బిట్‌ను 16 బిట్‌కు తగ్గించినా సగం అవుతుంది గానీ, అది మాత్రం నేను సలహా ఇవ్వను. ప్రచారం గొంతు ఎక్కువగా అరుపు స్థాయిలో ఉంటుంది, ఎఫెక్టులు వేస్తున్నప్పుడు మధ్యలో లెవెల్ హద్దు దాటినా 32 బిట్ ఫ్లోట్‌లో తగ్గించి కాపాడుకోవచ్చు. 16 బిట్‌లో హద్దు దాటితే అక్కడ తెగిపోయిందే. మైకు దగ్గరే పగిలిన గొంతును మాత్రం ఏ ఫార్మాటూ బాగుచేయదు, అది వేరే సంగతి.

పని మధ్యలో చోటు చాలకపోతే హిస్టరీ కిటికీ తెరవండి. మీరు చేసిన ప్రతి మార్పూ అక్కడ వరుసగా ఉంటుంది, మొత్తం ఎంత చోటు తింటున్నాయో కూడా ఉంటుంది. ఇక వెనక్కి వెళ్లక్కర్లేదు అనుకున్న పాత మెట్లను అక్కడే డిస్కార్డ్ చేయవచ్చు. కాపీ చేసి క్లిప్‌బోర్డులో వదిలేసిన ఆడియోకూ అక్కడే విడిగా డిస్కార్డ్ ఉంది. అంత ఓపిక లేకపోతే సేవ్ చేసి, ప్రాజెక్ట్ మూసి మళ్లీ తెరవండి. మూసేటప్పుడు వెనక్కి వెళ్లే చరిత్ర మొత్తం పోతుంది, ఫైలు తనను తాను కుదించుకుంటుంది. కుదించుకోవడానికి పక్కన కొత్త ఫైలు రాస్తుంది కాబట్టి కొంత ఖాళీ కావాలి. అందుకే డిస్క్ నిండేదాకా ఆగొద్దు.

ప్రకటన కస్టమర్‌కు ఇచ్చేసి, వాళ్లు బాగుందన్నాక ప్రాజెక్ట్ ఎందుకు దాచుకోవాలి? మార్పులు చెప్పే అవకాశం ఉన్న వారం రోజులు ఉంచండి. తర్వాత 16 బిట్ మోనో వేవ్‌గా ఎక్స్‌పోర్ట్ చేసి, ప్రాజెక్ట్ తీసేయండి. నిమిషానికి 5 ఎంబీ చిల్లర అవుతుంది, ఏడాది పనులన్నీ డీ డ్రైవ్‌లో ఒక మూలన సరిపోతాయి. ఆటోకు ఇచ్చే ఎంపీ3 ఎలాగూ వేరు.

ఇవన్నీ చేశాక కూడా తెరిచిన ప్రతిసారీ ఇంకేదో తెలియని ఫైలు, వేరే చోట, వేరే పేరుతో పుడుతుంటే అప్పుడు ఆడాసిటీని కాకుండా దాని ప్లగిన్లను, అంటే ఎఫెక్టుల కోసం బయటి నుంచి తగిలించుకునే చిన్న ప్రోగ్రాములను, అనుమానించండి. తెరుచుకునేటప్పుడు అది కొత్త వీఎస్‌టీ ప్లగిన్లు ఏమైనా వచ్చాయా అని వెతుకుతుంది, వాటిని పరీక్షించి జాబితా రాసుకుంటుంది. ఆ పరీక్షలో కొన్ని ప్లగిన్లు తమ లైసెన్స్ కోసమో, ప్రీసెట్ల కోసమో సొంతంగా ఫైళ్లు రాస్తాయి. ఎవరు రాస్తున్నారో ఊహించక్కర్లేదు. టాస్క్ మేనేజర్‌లో పెర్ఫార్మెన్స్ ట్యాబ్ నుంచి రిసోర్స్ మానిటర్ తెరిచి, డిస్క్ ట్యాబ్‌లో ఆడాసిటీకి టిక్ పెడితే అది ఆ క్షణంలో ఏయే ఫైళ్లు ముట్టుకుంటోందో కనిపిస్తుంది. ఇంకా లోతుగా చూడాలంటే మైక్రోసాఫ్ట్ ఉచితంగా ఇచ్చే సిస్‌ఇంటర్నల్స్ టూల్స్‌లో ప్రాసెస్ మానిటర్ ఉంది. ప్రాసెస్ పేరు ఆడాసిటీ అని ఫిల్టర్ పెట్టి, ఆ తర్వాత ఆడాసిటీ తెరవండి. వేల వరుసలు పడతాయి, కంగారు పడొద్దు. అందులో క్రియేట్‌ఫైల్ అని ఉన్నంత మాత్రాన కొత్త ఫైలు పుట్టిందని కాదు, ఉన్న ఫైలును తెరిచినా విండోస్ దాన్నే రాస్తుంది. కుడివైపు డీటెయిల్ కాలమ్‌లో ఓపెన్ రిజల్ట్ దగ్గర క్రియేటెడ్ అని ఉన్నవే నిజంగా పుట్టినవి. ఆ ఫైలు పేరులోనో, ఫోల్డర్ పేరులోనో ప్లగిన్ కంపెనీ పేరు సాధారణంగా దొరుకుతుంది. దొరికాక ప్లగిన్ మేనేజర్‌లో దాన్ని డిసేబుల్ చేసి చూడండి.

క్రాక్ చేసిన ప్లగిన్ అయితే డిసేబుల్ చేయడం కాదు, కంప్యూటర్‌లోంచే తీసేయండి, వైరస్ స్కాన్ కూడా చేయండి. ఆడాసిటీని కూడా దాని అసలు సైట్ నుంచే దించుకోండి. పేరు దగ్గరగా పెట్టుకుని పక్కన ఇంకేవో అంటగట్టే డౌన్‌లోడ్ సైట్లు చాలా ఉన్నాయి.

రేపు మీరు వేరే సాఫ్ట్‌వేర్‌కు మారినా ఈ సంగతి వెంటే వస్తుంది, పేర్లే మారతాయి. అడోబీ ఆడిషన్ మీ ఆడియో పక్కన పీకేఎఫ్ అనే ఫైళ్లు వదులుతుంది, రీపర్ రీపీక్స్ అని వదులుతుంది. అవి తెర మీద కనిపించే అలల బొమ్మకు ముందే గీసి పెట్టుకున్న నకలు మాత్రమే, గొంతు వాటిలో ఉండదు. డిలీట్ చేసినా తెరిచినప్పుడు మళ్లీ గీసుకుంటాయి, పెద్ద ఫైలైతే కాస్త ఆలస్యం. ఆడాసిటీ డబ్ల్యూఏఎల్‌తో వీటిని కలిపి ఒకే గాటన కట్టి తుడిచేయొద్దు. ఆడిషన్‌లో ప్రిఫరెన్సెస్‌లో మీడియా అండ్ డిస్క్ క్యాష్ దగ్గర సేవ్ పీక్ ఫైల్స్ టిక్ తీస్తే ఆ పీకేఎఫ్‌లు మిగలవు. ప్రైమరీ టెంప్, సెకండరీ టెంప్ ఎక్కడ ఉండాలో కూడా అక్కడే చెప్పవచ్చు. రీపర్‌లో పీక్ ఫైళ్లన్నీ ఒకే ఫోల్డర్‌కు పంపే ఆప్షన్ ప్రిఫరెన్సెస్‌లో ఉంది.

చివరగా డబ్బు ఖర్చు సంగతి. చోటు చాలడం లేదు కాబట్టి పెద్ద ఎస్‌ఎస్‌డీ కొనాలని మీకు అనిపించవచ్చు. నేనైతే ఆ డబ్బుతో ముందు చిన్న యూపీఎస్ కొంటాను. కరెంటు పోయాక సేవ్ చేసి, సవ్యంగా మూసేంత టైము ఇస్తే చాలు, మిగిలిపోయే ఫైళ్లు చాలావరకు అక్కడే ఆగిపోతాయి. ఇవన్నీ చేసి, మూసిన తర్వాత సెషన్‌డేటాలో ఏమైనా కనిపిస్తే ఆ ఫైలు పూర్తి పేరు, సైజు, మీ ఆడాసిటీ వెర్షన్ నంబర్ ఇక్కడే రాయండి. వెర్షన్ నంబర్ హెల్ప్ మెనూలో అబౌట్ దగ్గర ఉంటుంది.